చప్పుడు ఆగితే చాలు సార్!

కారు కొని పదేళ్లు దాటినవాడికి ముందు చక్రాల కింద నుంచి 'టక్ టక్' మని వినబడితే, చెయ్యి మొదట వెళ్లేది మ్యూజిక్ సిస్టమ్ మీదికి. వాల్యూమ్ కాస్త పెంచితే సగం రోగం కుదిరినట్టే. మిగతా సగం కోసం మెకానిక్ దగ్గరికి వెళతాడు. వెళ్లి ఏది అరిగిందో చూడమని అడగడు. "అన్నా, ఆ సౌండ్ ఒక్కటి పోయేలా చూడు" అంటాడు. మెకానిక్ ధర్మాత్ముడు. అడిగినదే ఇస్తాడు, అంతకు మించి ఇవ్వడు.

ఆ చప్పుడు చేసేది చాలాసార్లు లోయర్ ఆర్మ్. దాని ఒక కొస బండి బాడీ వైపు రెండు రబ్బరు బుష్‌లతో బిగించి ఉంటుంది, రెండో కొస చక్రం వైపు బాల్ జాయింట్‌తో కలుస్తుంది. మాక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940ల్లో తెచ్చిన స్ట్రట్ పద్ధతే మన చిన్న కార్లన్నిటికీ ముందువైపు దిక్కు. అందులో కింద పక్కకొక్క ఆర్మే, పైన తోడు మరొకటి ఉండదు. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, గుంతలో దిగినా చక్రాన్ని దాని చోట నిలబెట్టే పూచీ దానిదే. మారుతి 800లో పొదుపు ఇంకో మెట్టు దిగింది. ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునే పనిని స్టెబిలైజర్ బార్‌కే అంటగట్టారు. దాని బుష్‌లు అరిగిన బండిలో బ్రేకు తొక్కిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరిగి, మళ్లీ తన చోటికి వచ్చేది. 1983 నుంచి 2014 దాకా తయారైన కారు అది. ఆ కుదుపును మధ్యతరగతి అంతా 'పాత బండి కదా' అని సర్దుకుపోయింది.

బుష్ చీలితే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, టైరు ఓ అంచున గుండు గీసినట్టు నున్నబడుతుంది. బాల్ జాయింట్ ఊడిందంటే చక్రం బయటికి వాలిపోయి, కారు ముక్కు రోడ్డుకు తగులుతుంది. ఆ జాయింట్‌కు కాస్త ఎడంగా, బంపర్ కింద, నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతుంటాయి. అవి మాత్రం వాడిపోగానే మారతాయి.

ఇక చప్పుడు ఆపే విద్యలు. జాయింట్ మీది రబ్బరు తొడుగులోకి సిరంజి గుచ్చి గ్రీజు ఎక్కించడం మొదటిది. లోపల అరిగిన గోళం అరిగినట్టే ఉంటుంది, ఆట ఆడుతూనే ఉంటుంది, కాకపోతే కొన్నాళ్లు మూగనోము పడుతుంది. పైగా తొడుగుకు పడిన చిల్లిలోంచి వానాకాలం నీళ్లు దిగుతాయి. రెండో విద్య, "ముందు లింక్ రాడ్లు మార్చి చూద్దాం సార్." అవి మార్చాక షాకబ్జార్బర్లు. అవీ అయ్యాక, కుడివైపు ఆర్మ్ ఒక్కటి. ఎడమది కూడా అదే రోడ్డు మీద, అన్నేళ్లూ నడిచిందన్న సంగతి ఇద్దరికీ తట్టదు. తట్టినా "ఏం గాదు సార్, ఇంక ఆర్నెల్లు నడుస్తది" అన్న మాటకు ఎదురు లేదు. ఆ మాట మెకానిక్‌ది అని తిట్టుకుంటాం గానీ, అది వినడానికే మనం అంతదూరం వెళ్లాం.

అసలు ఘనకార్యం కొత్త ఆర్మ్ ఎక్కించేటప్పుడు జరుగుతుంది. బుష్‌లో రబ్బరు, లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే గొట్టం కదలదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మెలి తిరిగేది రబ్బరే. అందుకే బండి జాకీ దిగి, బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టుకు ఆఖరి బిగింపు ఇవ్వాలి. మన దగ్గర చక్రం గాల్లో వేలాడుతుండగానే, పైపు తొడిగిన పానాతో, పళ్లు బిగబట్టి బిగించేస్తారు. జాకీ దించిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది, బండి షెడ్డులో నిద్రపోతున్నా సరే. కొన్ని నెలల్లో చీలుతుంది. అప్పుడు మెకానిక్ "డూప్లికేట్ మాల్ సార్" అంటాడు. ఆర్మ్ అమ్మిన రాణిగంజ్ దుకాణదారు "ఫిట్టింగ్ సరిగ్గా లేదు" అంటాడు. యజమాని "ఈ కంపెనీ బండ్లే అంత" అని తేల్చేస్తాడు. ముగ్గురికీ మనశ్శాంతి, రబ్బరుకు తప్ప.

పాపం, మెకానిక్‌ను ఒక్కడినే ఆడిపోసుకోవడం అన్యాయం. ఈ విద్యలో అతనికి గురువులున్నారు. రోడ్డు మీద గుంత ఉందని ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి. తట్టెడు కంకర ఇంకా లారీ ఎక్కకముందే 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకు కబురు వస్తుంది. పోయిందెవరి చప్పుడు? మీది. గుంత క్షేమం. రోడ్డు వేసిన నెలకు పైపు కోసం తవ్వుతారు, పైపు పూడ్చిన నెలకు కేబుల్ కోసం తవ్వుతారు, మట్టి కప్పి వెళ్లిపోతారు, మొదటి వానకు అది కుంగుతుంది. ఆ అడ్డగాడిలో ప్రతి చక్రమూ దిగి లేస్తుంది.

ఇక స్పీడ్ బ్రేకర్లు. 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వీటికి కొలతలు రాసి పెట్టింది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటే వాటికి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే వెడల్పుగా, నున్నగా, ఎక్కి దిగినట్టు తెలియాలి. మన కాలనీ పెద్దలు ఆ ఎత్తును భక్తితో పాటించి, కొన్నిచోట్ల దక్షిణగా మరో నాలుగు వేళ్లు కలిపి, వెడల్పును అడుగుకు కుదిస్తారు. రాత్రికి రాత్రి సిమెంటు పోసి, తెల్లారేసరికి గోడ కడతారు. రంగు వెయ్యరు, బోర్డు పెట్టరు. కుర్రాళ్ల బైకుల మోత తగ్గాలన్నది వాళ్ల బాధ. మోత తగ్గలేదు, బుష్‌లు పోయాయి.

ఇన్నీ తట్టుకుని పదిహేనేళ్లు బతికిన కారును సర్కారు పిలిచి పరీక్షిస్తుంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. అంత తీసుకున్నాక కారు కిందికి ఒకడు దూరి, ఆర్మ్ దగ్గర రాడ్డు పెట్టి ఆడించి చూస్తాడనుకుంటాం. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దుతారు. అంకెలు స్పష్టంగా పడితే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. పాత బండ్లు ప్రమాదకరమని ఉపన్యాసం ఇచ్చే పెద్దలు, వాటిని పాతవి చేసిన రోడ్డుకు ఏ కాగితం మీద ఏ పెన్సిల్ రుద్దారో చెప్పరు.

రోడ్డు సంగతి ఓటు అడగడానికి వచ్చినవాళ్లతో తేల్చుకోండి. ఆర్మ్ సంగతి మాత్రం మీ చేతిలో ఉంది. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు సౌండ్ మాట ఎత్తకండి. చక్రం లేపించి, రాడ్డు పెట్టి ఆడించి, ఆట ఎక్కడుందో చూపించమనండి. మార్చాల్సి వస్తే రెండు పక్కలా మార్పించండి. బుష్ బోల్టు బండి దించాకే బిగించమనండి, పక్కనే నిలబడండి, తరవాత అలైన్‌మెంట్ చేయించండి. కుర్రాడు కారు కిందికి పాక్కుంటూ వెళ్లి బిగించాలి కాబట్టి అతనికి ఓ వంద ఎక్కువివ్వండి. 'ఎక్కడా ఇట్ల చెయ్యరు సార్' అని ఓనరు నవ్వితే, తాళం తీసుకుని వచ్చేయండి.