పక్కసీటు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: సినిమాల్లో బండి తోలే ఘట్టాలను తోలేవాడి నేర్పును బట్టి మెచ్చుకోవడం లోకాచారం కాగా, పక్కన కూర్చున్నవాడి ఒంటిని బట్టి వాటికి విలువ కట్టడం ఈ వ్యాఖ్యానానికి విషయం. ఈ విద్యకు క్షేత్రం 2016 అక్టోబరు 11న పాత మెదక్ నుంచి విడివడి సంగారెడ్డి జిల్లాలో చేరిన జిన్నారం. గడ్డపోతారం, కాజిపల్లి, బొల్లారం కర్మాగారాల్లో షిఫ్టు మారే వేళ ట్యాంకర్లకూ కంపెనీ బస్సులకూ నడుమ షేర్ ఆటోలో, అదీ డ్రైవర్ సీటులో మిగిలిన జానెడు చోటులో ఒరిగి కూర్చుని పోయేవారు ఇందులో ఆరితేరినవారు గనుక, వారి అనుభవమే ఇక్కడ ప్రమాణం. వ్యాఖ్యానం కోసమే కూర్చిన ఆటవెలది ఇది.

మూలం:
తోలువానికెరుక తొలుతనే మలుపులు
పక్కవానికెరుక పడిన పిదప
చూచువానికొకటె చోద్యము తెరమీద
తెలియు సత్యమెల్ల దిగిన వెనుక

టీక: తోలువానికిన్ = బండి నడిపేవానికి; మలుపులు = వంకలు, ఉపలక్షణంగా గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ; తొలుతనే = రాకముందే; ఎరుక = తెలియును; పక్కవానికిన్ = సీటు అంచున ఉన్నవానికి; పడిన పిదప = పక్కమనిషి మీద ఒరిగిన తరువాత; ఎరుక = తెలియును; తెరమీదన్ = సినిమాలో; చూచువానికిన్ = ప్రేక్షకునికి; ఒకటె చోద్యము = ఆశ్చర్యం ఒక్కటే మిగులును; సత్యమెల్లన్ = నిజమంతా; దిగిన వెనుకన్ = నేల మీద కాలు ఆనిన తరువాత; తెలియున్ = బోధపడును.

తాత్పర్యం: ఒకే వేగం ముగ్గురిలో మూడు రసాలు పుట్టిస్తుంది. తోలేవాడికి వీరం, చూసేవాడికి అద్భుతం, పక్కవాడికి భయానకం.

విశేషాంశాలు: స్టీరింగు తిప్పే చేతికి మలుపు ముందే తెలుసు గనుక తోలేవాడి ఒళ్లు దానికి సిద్ధపడుతుంది. పక్కవాడి విషయంలో చెవిలోపలి సమతుల్యతాయంత్రం ఒకటి చెప్పి, కన్ను మరొకటి చెప్పడం వల్ల కడుపులో తిప్పుతుంది; డ్రైవర్లకు ఈ బాధ అరుదుగా కలగడానికి కారణం మలుపు ముందే తెలియడమే. నాట్యశాస్త్రం చెప్పిన సాత్త్వికభావాలు, అనగా మనసు కదిలినప్పుడు ఒంటిమీద తమంతట తామే కనబడే గుర్తులు, ఎనిమిది. గుంత ముందు బిగుసుకుపోవడం స్తంభం, లారీని దాటేటప్పుడు చెమట పట్టడం స్వేదం, “జర మెల్లగ పోనియ్ అన్నా” అనబోయి గొంతు పెగలకపోవడం స్వరభేదం. ఒళ్లు తెలియకపోవడమనే ప్రళయం మాత్రం వివాదాస్పదం. రాత్రి షిఫ్టు దిగినవాడి తల పక్కవాడి భుజం మీద వాలితే అది భయమో నిద్రో నిర్ణయించడం కష్టం. లేని బ్రేకును కాలితో తొక్కడం భరతుడు ప్రత్యేకంగా చెప్పకపోయినా అనుభావమే, అంటే లోపలి భయాన్ని బయటపెట్టే చేష్టయే.

ఇక లక్ష్యాలు. 1968 నాటి ‘బుల్లిట్’లో శాన్‌ఫ్రాన్సిస్కో దిబ్బల మీద స్టీవ్ మెక్వీన్ ముస్తాంగ్ ఎగిరిపడుతున్నప్పుడు పక్కసీటు ఖాళీ, అందువల్ల అక్కడ వీరం నిరాటంకంగా సాగింది. వెంటాడబడే కారులో సీటు బెల్టు బిగించుకునే దుండగుడు తోలేవాడే కావడం గమనార్హం. మన ఫ్యాక్షన్ చిత్రాల్లో గాల్లోకి లేచే సుమోల నిండా అనుచరులున్నా, వారి నడుముల సంగతి ఏ పాత్రా విచారించదు గనుక అవి అధమం. 1994 నాటి ‘స్పీడ్’లో గంటకు 50 మైళ్లకు, అంటే సుమారు 80 కిలోమీటర్లకు తగ్గకూడని బస్సు సెకనుకు 22 మీటర్లు పోతుంది, అందరి ముఖాలూ కనబడతాయి గనుక అది మధ్యమం. 1989 నాటి ‘శివ’లో నాగార్జున తొక్కే సైకిలు ముందు కూర్చున్న చిన్నపాప మాత్రం తరుముడు సాగినంతసేపూ కంటికి ఎదురుగానే ఉంటుంది. అక్కడ ప్రేక్షకుడు హీరో గెలుపు కన్నా పాప పట్టు జారకూడదని కోరుకుంటాడు. సైకిలు వేగం కారుకు తీసికట్టయినా భయం మిన్న గనుక అది ఉత్తమం.

పూర్వపక్షం: ‘స్పీడ్’లో డ్రైవరుకు తూటా తగిలాక స్టీరింగు పట్టిన సాండ్రా బుల్లక్ పాత్ర అంతదాకా ప్రయాణికురాలే, కాబట్టి పక్కవాడు వీరుడు కాలేడనడం తప్పు కదా అని ఆక్షేపణ.

సమాధానం: స్టీరింగు పట్టిన క్షణాన ఆమెకు మలుపు తొలుతనే ఎరుక, కనుక ఆమె పద్యంలోని మొదటి పాదంలోకి జరిగింది. పక్కన నిలబడి దారి చెప్పే కీయాను రీవ్స్ పాత్ర రెండో పాదంలోకి దిగింది. పాదాలు మారినవేగాని పద్యం చెడలేదు.

సిద్ధాంతం: భయానకానికి మూలం వేగం కాదు, ఎరుకలో ఉన్న ఎచ్చుతగ్గు. ముందు గుంత ఉందన్న మాట చెవిన పడినవాడు కడ్డీ బిగించి పట్టుకుంటాడు, వాడికి కుదుపు సగమవుతుంది. తోలేవాడు తన ఎరుకను పంచని ఘట్టం ఎంత ఖరీదైనదైనా పక్కసీటు పరీక్షలో నిలవదు.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య విని “ముందల గుంత ఉన్నది, జర పట్టుకోండ్రి” అని చెప్పే ఆటో అన్నకు సాత్త్వికభావాలు ఎనిమిదింటిలో ఒక్కటీ లేని సవారీలు దొరుకుతారు, దిగేటప్పుడు అడగకముందే సరైన చిల్లర ముడుతుంది.