ఇరవయ్యో ఏట పెద్దరికం వెలగబెట్టడం ఎలా?

అమెరికా యూనివర్సిటీలో చదువుకుంటూ ఆనర్ ప్యానెల్‌కి ఎంపికయ్యారా? శుభం. మన ఊళ్లో రచ్చబండ మీద కూర్చోవాలంటే కనీసం జుట్టు నెరవాలి. ఇక్కడ ఆ నియమం లేదు. మొన్నటి మిడ్‌టర్మ్‌లో మీకు సి ప్లస్ వచ్చినా సరే, కాపీ కొట్టాడన్న అనుమానం మీద దొరికిన తోటి కుర్రాడి బతుకు తేల్చేది మీరే.

ముందు కాస్త చరిత్ర బట్టీ పట్టండి. పిల్లల చేతికి ఇంత అధికారమా అని ఎవరైనా నోరెత్తితే అప్పజెప్పవచ్చు. వర్జీనియా యూనివర్సిటీలో 1840లో ముసుగేసుకుని అల్లరి చేస్తున్న ఒక విద్యార్థి జాన్ డేవిస్ అనే లా ప్రొఫెసర్‌ని తుపాకీతో కాల్చాడు. ఆయన చనిపోయాడు. 1842లో, పరీక్షలో ఎవరి సాయమూ తీసుకోలేదని విద్యార్థులు మాటిచ్చి సంతకం పెట్టే పద్ధతి మొదలైంది. తుపాకీకీ కాపీకీ ఏమిటి సంబంధం అనకండి, ప్యానెల్‌లో అలాంటి ప్రశ్నలు వేసేవాళ్లని రెండోసారి పిలవరు. క్రమంగా విచారణా తీర్పూ కూడా విద్యార్థుల చేతికే వచ్చాయి. శిక్ష మాత్రం తరతరాలుగా ఒక్కటే ఉండేది, శాశ్వత బహిష్కరణ. పేరా ఎత్తుకొచ్చినా, పరీక్ష మొత్తం ఎత్తుకొచ్చినా అదే.

ఇంత కఠినమైన శిక్ష ఉంటే ప్యానెల్ గడగడలాడిస్తుందనుకుంటారు. గడగడలాడేది ప్యానెలే. వర్జీనియాలో మూడు ప్రశ్నలు తేల్చాలి. పని చేశాడా? తప్పని తెలిసే చేశాడా, లేదా తెలిసి ఉండాల్సిందా? అది అంత పెద్ద తప్పేనా? మొదటి రెండింటికీ నిక్కచ్చిగా అవుననండి. మూడోదాని దగ్గర గొంతు సవరించుకుని, పది మార్కుల హోంవర్కే కదా అనండి. అతను కాపీ కొట్టలేదని కాదు, మీకు రాత్రి నిద్ర పట్టాలి కాబట్టి నిర్దోషి అయ్యాడు. దీన్ని న్యాయం అనే పిలవాలి. పాపం, ఈ సందు కూడా ఇరుకైపోయింది. 2022లో విద్యార్థులే ఓటేసి బహిష్కరణ తీసేసి రెండు సెమిస్టర్ల సెలవు పెట్టారు. మరుసటి ఏడాది నుంచి కేసుని బట్టి శిక్ష. అంటే ఇప్పుడు తప్పు ఎంతో కొలవక తప్పదు.

కేసులు కుప్పలుగా వస్తే కంగారు పడకండి, కాలం గడవనివ్వండి. 2001లో అదే యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చెప్పే లూయిస్ బ్లూమ్‌ఫీల్డ్ విద్యార్థుల పేపర్లని తాను రాసుకున్న ప్రోగ్రాంలో వేసి చూశాడు. వరసగా ఆరు మాటలు కలిస్తే పట్టేసే ప్రోగ్రాం అది. చివరికి 158 మంది పేర్లు ఆనర్ కమిటీకి చేరాయి. రెండు పేపర్లు ఒకేలా ఉన్నాయని కంప్యూటర్ చెబుతుంది గానీ, రాసిందెవరో ఎత్తిందెవరో చెప్పదు. తమ పేపర్‌ని ఎవరో వాడుకున్నారని తెలియని పిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. వాళ్లని వేరు చేసి అన్నీ తేల్చేసరికి ఏడాది దాటిపోయింది.

ఇక ఏదో ఒక రోజు మన తెలుగువాళ్ల కేసు రానే వస్తుంది. అప్పుడే మీ సత్తా తెలిసేది. ఎమ్మెస్ చదివే ఇద్దరు, ఒకే ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్. వేరియబుల్ పేర్లు మార్చారు, ఖాళీలు అటూ ఇటూ జరిపారు, ఫంక్షన్ల వరస తిప్పేశారు. కోడ్‌లో కాపీని పట్టడానికి 1994 నుంచి వాడుకలో ఉన్న మాస్ (MOSS) సాఫ్ట్‌వేర్ ఇవేవీ పట్టించుకోకుండా కలిసిన చోటల్లా రంగు పులిమి పెడుతుంది. దానికి అర్థం కానిది ఒక్కటే, రెండు ఫైళ్లలోనూ ఉన్న కామెంట్: "ఇక్కడ లూప్ పెట్టు రా". తోటి సభ్యులంతా మీ వైపు చూస్తారు. కంప్యూటర్‌ని రా అని పిలిచేవాళ్లెవరూ ఉండరు కాబట్టి ఒకరు ఇంకొకరికి చెప్పి రాయించారని మీకు తెలిసిపోతుంది. మీరు మాత్రం గంభీరంగా, సందర్భాన్ని బట్టి చూడాలి అనండి.

"కంబైన్డ్ స్టడీ సర్," అంటాడు ఆ ఇద్దరిలో ఒకడు, మీకంటే మూడేళ్లు పెద్దవాడై ఉండి. ఈ ఘట్టంలో మీ ఇంటర్ ల్యాబ్ రికార్డు గుర్తుకు రానివ్వకండి. లోలకం ప్రయోగంలో g విలువ 980 దగ్గర రావాలని ముందు జవాబు వేసుకుని, దానికి తగ్గట్టు రీడింగులు వెనక్కి కట్టుకుంటూ వెళ్లిన చేతులు బల్ల కింద పెట్టుకోండి.

వీసా సంగతి చర్చలో ఎత్తకూడదు. అందుకే గదిలో అందరి బుర్రల్లోనూ అదే ఉంటుంది. సస్పెండైన అమెరికా కుర్రాడు అమ్మ ఇంటికెళ్లి కాఫీ షాపులో పని చేసుకుని రెండు సెమిస్టర్లు దాటేస్తాడు. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాడికి ఫుల్‌టైమ్ చదువు ఆగితే స్టేటస్ నిలవదు, పెట్టె సర్దుకోవాలి. ఇంటి పత్రాలు పెట్టి తెచ్చిన లోను మీద వడ్డీ మాత్రం ఆగదు. అందరికీ ఒకే శిక్ష వేశామని రికార్డులో రాసి సంతృప్తి పడండి.

కృత్రిమ మేధ కేసులు ఇంకా హాయి. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసినదాన్ని కూడా యంత్రం రాసిందని డిటెక్టర్లు పొరబడుతున్నాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లోనే చూపించారు. అదే ఏడాది జులైలో ఓపెన్‌ఏఐ తన డిటెక్టర్‌ని, కచ్చితత్వం చాలడం లేదని తానే మూసేసింది. ఇవన్నీ చదివితే తీర్పు ఆలస్యమవుతుంది. తెర మీద శాతం ఎంతుందో చూడండి చాలు.

తీర్పు లేఖలో కర్త కనబడకూడదు. "నిర్ణయించాం" అని రాయకండి, "నిర్ణయించడమైనది" అనండి. దాన్ని శుక్రవారం సాయంత్రం అయిదు దాటాక, ఇంటర్నేషనల్ ఆఫీసు తాళం వేశాక పంపండి. అప్పీలు గడువు మాత్రం పంపిన నిమిషం నుంచే లెక్కేయండి.