కరిగేది నేను, పేరు సముద్రానిది

ఒంట్లో సగం సముద్రంలో కరిగిపోయాక నేను సోలాపూర్‌లోని భవాని పేట్ చేరాను. అంతకు ముందు నా కొలువు విశాఖపట్నం చేపల రేవులో, ఒక మరపడవ అడుగున. చుక్కాని పక్కన బోల్టు వేసి బిగించిన జింకు దిమ్మను. బోటును ఒడ్డుకు లాగి నాచు గోకే రోజున తప్ప నేనొకడిని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు.

నా ఉద్యోగం కరగడమే. కంచు ప్రొపెల్లరూ ఉక్కు చుక్కానీ ఒకదానికొకటి తగులుతూ ఒకే ఉప్పునీళ్లలో ఉంటే వాటి మధ్య కరెంటు పారుతుంది, ఉక్కు కరిగిపోతుంది. నన్నూ వాటికి తగిలిస్తే ఆ వంతు నా మీద పడుతుంది. ఈ సంగతి తెలియక బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలార్మ్’ అనే ఓడ అడుగుకు రాగిరేకు కొట్టించింది. కొన్నాళ్లకు చూస్తే రేకు బాగానే ఉంది, దాన్ని పట్టుకున్న ఇనప మేకులు పుచ్చిపోయాయి. తర్వాత 1824లో హంఫ్రీ డేవీ రాగికి జింకు, ఇనుము ముక్కలు తగిలించి రాగి కరగకుండా ఆపాడు. కరగని రాగి మీద నాచూ గుల్లలూ హాయిగా కాపురం పెట్టాయి. ఓడల వేగం తగ్గింది. నాలాంటి వాళ్లకు మాటలు పడటం అప్పటినుంచే అలవాటు.

బోటు ఇంజిన్లు బాగుచేసే మెకానిక్ భార్యకు పుట్టిల్లు సోలాపూర్. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల ఇల్లు. పాలిటెక్నిక్ చదివే మేనల్లుడు ఉప్పునీటితో పడవ నడిపే ప్రాజెక్టు కోసం జింకు కావాలని ఫోన్లో అడిగితే, ఆమె నన్ను పాత చీరలో చుట్టి సంచీలో వేసుకుంది. సాంచాల, అంటే మరమగ్గాల, మోత వీధి చివర నుంచే వినబడింది. గుమ్మంలో అవ్వ బీడీలు చుడుతోంది. చేటలో తునికాకు, ఒళ్లో పొగాకు. నన్ను ఎత్తి చూసి, “గీ తుప్పు గడ్డ కోసం గంత దూరంకెల్లి మోసుకొస్తివా బిడ్డా?” అంది. నాది తుప్పు కాదు, తెల్లటి బూడిద. చెప్పే నోరు లేదు.

పిల్లవాడు నన్ను రంపంతో పలకలుగా కోశాడు. అటకమీద ఉన్న, నీళ్లు కాచుకునే పాత రాగి బంబు నుంచి రేకు కత్తిరించాడు. ఇక సముద్రం కావాలి.

“సముద్రం యాడిదిరా సోలాపూర్ల? బొంబాయి పో, నాలుగొందల కిలోమీటర్లు,” అన్నాడు తాత. ఆయన బతుకంతా రంగుల కార్ఖానాలో గడిచింది. గోళ్ల చుట్టూ నీలం ఇప్పటికీ పోలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు: “అంతకన్న ఉప్పు నీళ్లు మా తొట్లనే ఉంటయ్ గద.”

నిజమే. నూలుకు రంగు పట్టాలంటే నీళ్లలో ఉప్పు కుమ్మరించాలి. సముద్రంలో లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ముదురు రంగుల తొట్టిలో దానికి రెట్టింపు కూడా ఉంటుంది. రంగు కలపకముందే బకెట్లతో తోడి ఒక ఖాళీ తొట్టి నింపారు.

ఒక జింకు పలక, ఒక రాగిరేకు దించితే మీటరు 0.7 వోల్టు చూపింది. మోటారు కలపగానే అదీ పడిపోయింది. నాలుగు జతలు వరసగా కలిపితే నాలుగింతలు వస్తుందని పిల్లవాడి ఆశ. రాలేదు. జతలన్నీ ఒకే నీటిలో మునిగి ఉంటే కరెంటు తీగలో పోకుండా నీళ్లలోనే దొంగదారి పడుతుంది. సముద్రంలో దిగిన ఏ పడవకైనా ఇదే చిక్కు. సముద్రానికి గోడలు కట్టలేం కదా! చివరికి జతకొక టీ కప్పు పెట్టి, కప్పుల్లో ఉప్పునీళ్లు పోసి థర్మాకోల్ పడవ మీద పేర్చాడు. సోలార్ బొమ్మల్లో వాడే బుల్లి మోటారు తిరిగింది. పడవ తొట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకు నత్తలా వెళ్లింది. వాడ పిల్లలు కేకలు పెట్టారు.

తాత కేక పెట్టలేదు. నూలు బరువు చూసి కూలి లెక్కగట్టిన మనిషి. “నిజం పడవ గంట నడవాలంటే ఎంత జింకు గరుగుతదిరా?” అన్నాడు.

పిల్లవాడు కాగితం తీశాడు. కిలో జింకు పూర్తిగా కరిగితే 820 ఆంపియర్-గంటలు, 0.7 వోల్టు చొప్పున అర యూనిట్టుకు కాస్త పైన. 10 హార్స్‌పవర్ మోటారుకు గంటకు ఏడున్నర యూనిట్లు కావాలి. అంటే ఏమీ వృథా కాకున్నా 13 కిలోల జింకు! అదే పనికి డీజిల్ రెండు లీటర్ల పైచిలుకు చాలు. అంతటితో అయిపోలేదు. రాగి దగ్గర కరెంటు అందుకునేది నీళ్లలో కరిగిన ఆక్సిజన్. అది లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. కాబట్టి నిలకడ నీటిలో రాగిరేకు ఎకరాల లెక్కన పరచాలి.

“అయితే నీ పడవ నీళ్లు తాగి నడుస్తలేదు, జింకు తిని నడుస్తుంది,” అని తాత తీర్పు చెప్పేశాడు. నా జన్మలో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నది ఆయనొక్కడే.

అలాగని మా జాతి పనికిరానిదని కాదు. మెగ్నీషియం, సిల్వర్ క్లోరైడ్ పలకల మధ్య సముద్రపు నీరు చేరగానే మేలుకునే బ్యాటరీలు రెండో ప్రపంచయుద్ధం కాలంలో టార్పెడోల కోసం తయారయ్యాయి. ఒక్క పరుగు, ఆ తర్వాత ఇక తిరిగిరావు. దీపాల సంగతీ ఉంది. 2022 ఆగస్టులో చెన్నైలో సాగర్ అన్వేషిక ఓడ మీద ‘రోష్నీ’ అనే ఉప్పునీటి లాంతరును కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ ఆవిష్కరించారు. ఎల్‌ఈడీకి కావలసింది చిటికెడు కరెంటే. రాత్రి వలమీద ఉన్న జాలరికి అది చాలు.

సముద్రపు నీటితో పడవ నడిపిస్తామని ఎవరైనా మీ దగ్గరికి వచ్చి పెట్టుబడి అడిగితే, నీళ్ల గురించి అడక్కండి. గంటకు ఎన్ని కిలోల లోహం కరుగుతుందో, కిలో ధర ఎంతో అడగండి.