బుడమేరుకు ఒకే ఇల్లు, బీమాకు నలుగురు యజమానులు

బెజవాడ గుణదల సందుల్లో ఇంటి గుమ్మం చేరాలంటే ముందు బండ్లు దాటాలి. ప్లాన్‌లో ‘పార్కింగ్’ అని చూపించి అనుమతి తెచ్చుకున్న చోట ఒక పోర్షన్ అద్దెకు వెళ్లింది. మిగిలిన జానెడు జాగాలో నాలుగు వాహనాలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. బయటి బండి తీస్తే తప్ప లోపలి బండి రాదు. కాబట్టి పొద్దున్నే ఆ ఇంట్లో ఎవరు ముందు బయల్దేరాలో ఆఫీసు వేళ కాదు, బండ్ల వరుస తేలుస్తుంది.

అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. గుణదలలో ఊహకు పెద్ద శ్రమ అక్కర్లేదు. పెద్దాయనకు 110 సీసీ స్కూటర్. కోడలికి అలాంటిదే ఇంకోటి, పుట్టింటివాళ్లు కొనిపెట్టింది. కొడుక్కి 350 సీసీ బుల్లెట్. అందరికీ కలిపి 1200 సీసీ కారు. నాలుగింటికీ పెట్రోలు ఒకే బంకులో, పంక్చర్ ఒకే కొట్లో. బీరువాలో పాలసీలు మాత్రం నాలుగు. ఒకటి సంక్రాంతికి ముగుస్తుంది, ఒకటి శ్రావణంలో, ఒకటి దసరా ముందు. నాలుగోది ఎప్పుడు ముగిసిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. రామవరప్పాడు రింగు దగ్గర పోలీసు ఆపిన రోజున తెలుస్తుంది. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం బీమా లేని బండికి మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. దేశంలో తిరిగే బండ్లలో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది కాబట్టి ఆ ఇంటివాళ్లకు తోడు బాగానే ఉంది.

ఇలాంటి ఇళ్ల కోసమే అన్నట్టు 2022 జూలైలో ఒక చల్లని కబురు వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మూడు కొత్త పద్ధతులకు పచ్చజెండా ఊపింది: తిరిగినన్ని కిలోమీటర్లకే ప్రీమియం, నడిపే తీరును బట్టి ప్రీమియం, ఇక మూడోది ఫ్లోటర్. అంటే కార్లూ ద్విచక్ర వాహనాలూ ఎన్ని ఉన్నా అన్నింటికీ ఒకే పాలసీ. ఒక్క రెన్యువల్ తేదీ, ఒక్క కాగితం. ఆరోగ్య బీమాలో ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ తీసుకునే అలవాటు ఎప్పుడో వచ్చింది. మనుషులకు జరిగిన న్యాయం బండ్లకూ జరిగిందని ఆ ఇంట్లో సంబరపడ్డారు.

సంబరం సాయంత్రం దాకా ఉంది. ఏజెంటు వచ్చి కాఫీ తాగి, “సి బుక్కులు పట్రండి బాబాయ్ గారూ” అన్నాడు. నాలుగూ బల్ల మీద పరిచాడు. స్కూటర్ పెద్దాయన పేరు. రెండో స్కూటర్ కోడలి పేరు. బుల్లెట్ కొడుకు పేరు. కారు పెద్దావిడ పేరు. ఏజెంటు వాటిని మళ్లీ జాగ్రత్తగా దొంతరగా సర్దాడు.

ఫ్లోటర్ ఇంటికి కాదు, యజమానికి. వాహనాలన్నీ ఒకే వ్యక్తి పేరు మీద ఉండాలి. కింద ఒక గేటు, పైన ఒక వాటర్ ట్యాంకు, వంటింట్లో ఒక పొయ్యి ఉన్న ఆ కుటుంబం బీమా లెక్కలో నాలుగు వేర్వేరు కుటుంబాలు. ఆ నియంత్రణ సంస్థ ఆఫీసు ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగు ఇళ్లలో సి బుక్కులు ఎలా పంచుకుంటారో అక్కడివాళ్లకు తెలియదనుకోవడం కష్టం.

ఇంతకీ ఒక్కో బండి ఒక్కో పేరు మీద ఎందుకుంది? కొంత పెళ్లి వల్ల, కొంత బ్యాంకు లోను వల్ల, కొంత జాతకం వల్ల. ‘కారు మీ ఆవిడ పేరున అయితే కలిసొస్తుంది’ అని చెప్పే సిద్ధాంతులు కృష్ణా జిల్లాలో షోరూముల కన్నా ఎక్కువ. కానీ అసలు సిద్ధాంతి ప్రభుత్వమే. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ టాక్సును సవరించారు. 10 లక్షల లోపు కారు మొదటిదైతే 12 శాతం, అదే మనిషి పేరున రెండో బండిగా కొంటే 14 శాతం. ఒక మనిషికి రెండు బండ్లు విలాసం అని సర్కారు అనుకుంది. ఒక మనిషికి ఒకే బండి ఉండాలి, ఇంట్లో మనుషులు బోలెడుమంది ఉన్నారు అని జనం అనుకున్నారు. రెండు శాతం మిగుల్చుకోవడానికి భార్య, తల్లి, కాలేజీ దాటని తమ్ముడు అందరూ యజమానులైపోయారు. పేరు మారిస్తే పన్ను తగ్గేలా ఒక శాఖ నేర్పింది. పేర్లన్నీ ఒకటైతేనే పాలసీ ఒకటవుతుందని పన్నెండేళ్ల తర్వాత ఇంకో సంస్థ చెప్పింది. మధ్యలో ఉన్నవాడికి ఒక్కో కౌంటరు దగ్గర ఒక్కో జిరాక్సు.

సరే, బండ్లన్నీ పెద్దాయన పేరుకు మార్పిస్తే? కొడుకు దానికీ సిద్ధమే. ట్రాన్స్‌ఫర్ ఫారాలు, ఫీజులు, లోను ఉన్న బండికి బ్యాంకు నిరభ్యంతర పత్రం, ఆపైన 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలియజేయడం. ఇంతా చేస్తే తెలిసే సంగతి ఏమిటంటే, నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. వరుసగా ఐదేళ్లు ఏ క్లెయిమూ చేయకుండా కొడుకు సంపాదించిన 50 శాతం తగ్గింపు తండ్రి పేరుకు నడిచి వెళ్లదు. యజమాని చనిపోతే వారసుడికి వస్తుందట. పెద్దాయన ఎదుట ఆ మాట ఎత్తే ధైర్యం ఏజెంటుకు లేకపోయింది.

అదీగాక ఫ్లోటర్ వర్తించేది బండికి జరిగే నష్టం వరకే. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా దేని దానికే. 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం ఆ ఇంటి రెండు స్కూటర్లకు 714 చొప్పున 1,428 రూపాయలు, బుల్లెట్‌కు 1,366, కారుకు 3,416, వెరసి 6,210. దాని మీద 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు జీఎస్టీ ఎత్తేసినప్పుడు వాహన బీమా ఆ పంక్తిలో లేదు. ఈ సొమ్ములో ఫ్లోటర్ ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

ఇదే కుటుంబం గుణదలలో కాక బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉంటే కథ వేరు. బ్రిటన్‌లో అడ్మిరల్ కంపెనీ 2005లోనే మల్టీకార్ పేరుతో పాలసీ తెచ్చింది. ఒకే చిరునామాలో ఉండేవాళ్లయితే చాలు, కార్లు ఎవరి పేరున ఉన్నా కలిపేస్తారు, ఎవరి బోనస్ వాళ్లకే ఉంచుతారు. అమెరికాలో లెక్క చిరునామా చుట్టూ, ఆ ఇంట్లో స్టీరింగ్ పట్టే మనుషుల చుట్టూ తిరుగుతుంది. డాలస్ పక్కన స్థిరపడిన మన బెజవాడవాళ్లకు రెండు కార్లకు కలిపి రాయితీ వస్తుంది. పదహారేళ్ల కొడుకు లైసెన్సు తెచ్చుకున్న నెలలో ఆ రాయితీ ఎటు పోయిందో కనిపించదు, అది వాళ్ల గోల. ఏమైనా అక్కడ బీమావాడు ముందు ‘ఇంట్లో ఎవరెవరు నడుపుతారు’ అని అడుగుతాడు. ఇక్కడ ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి పక్కింటి కుర్రాణ్ని కూడా పిలవాలి.

మన దగ్గర ప్రయత్నాలు జరగలేదని కాదు. 2020లో ఐఆర్‌డీఏఐ ప్రయోగాత్మక పథకం కింద ఎడెల్‌వైస్ జనరల్ ఇన్సూరెన్స్ ‘స్విచ్’ అనే పాలసీ తెచ్చింది. ఫోన్‌లో యాప్, అందులో బీమా ఆన్, ఆఫ్. బండి తీసిన రోజునే ప్రమాద రక్షణకు డబ్బు. ఆఫ్ చేసినా అగ్నిప్రమాదం, దొంగతనం నుంచి రక్షణ ఉండేది. గుణదలకు ఇది ఇట్టే అతికే ఆలోచన. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మేరీమాత ఉత్సవాలకు లక్షల జనం కొండ దారి పడితే, ఆ మూడు రోజులూ స్థానికుడి కారు గేటు దాటదు. ఆ రోజుల ప్రీమియం ఆదా అయితే కొండ దిగేవాళ్లకు మజ్జిగైనా పోయొచ్చు.

పేర్ల పట్టింపు లేనివాళ్లు ఒకరున్నారు. బుడమేరు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు కట్టలు తెంచుకుని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు రాసింది. ఆ నీరు సి బుక్కులు అడగలేదు. మన ఊహలోని ఇల్లూ ఆ నీటి దారిలోనే ఉందనుకుందాం. పెద్దాయన స్కూటరూ, కోడలి స్కూటరూ, బుల్లెట్టూ, కారూ ఒకే రాత్రి ఒకే లోతులో మునిగాయి. ఫ్లోటర్ వెనకున్న లెక్క ‘ఒక మనిషి ఒకసారి ఒక బండే నడుపుతాడు’ అన్నది. నాలుగు బండ్లూ ఒకేసారి, అందులోనూ పార్కింగ్‌లో నిలబడి ఉండగా పోతాయని ఆ లెక్కలో ఎక్కడా లేదు.

నీరు తీశాక అసలు పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్న ‘ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీయా?’ సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లు, కొత్త కారుకు మూడేళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత నష్టానికి కట్టేది చాలాసార్లు మొదటి ఏడాదికే. కాగితం మీద పెద్ద అంకె చూసి ‘ఐదేళ్లు దిగులు లేదు’ అనుకున్న బండికి వరదలో పైసా రాదు. ఎదుటివాడిని గుద్ది ఉంటే వాడికి వచ్చేది. బుడమేరును గుద్దిన కేసు ఎవరూ రాయించలేకపోయారు.

రెండో పరీక్ష తాళం చెవి. మునిగిన బండిని తుడిచి, దండం పెట్టి, స్టార్ట్ అవుతుందేమోనని తాళం తిప్పడం మన రక్తంలో ఉంది. సిలిండర్లోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు ఆ నష్టం వరదది కాదు, తాళం తిప్పిన చేతిది అంటుంది బీమా. ఇంజిన్‌కు విడిగా రక్షణ కొనుక్కున్నవాళ్లు బయటపడతారు. కొననివాళ్లకు సీటు కవర్లూ కార్పెట్టూ మిగులుతాయి, అదీ రబ్బరు, ప్లాస్టిక్ భాగాల మీద 50 శాతం తరుగు పోగా. ‘బంపర్ టు బంపర్’ అని మనవాళ్లు పిలుచుకునే జీరో డిప్రిసియేషన్ ఉంటే ఆ కోత ఉండదు.

ప్రభుత్వం తన వంతుగా స్కూటర్‌కు, మోటార్‌సైకిల్‌కు 3,000 రూపాయలు, ఆటోకు 10,000 ప్రకటించింది. క్లెయిముల కోసం సబ్‌కలెక్టర్ ఆఫీసులో బీమా కంపెనీలన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టింది. ఇల్లు ఒకటే అయినా బండికో క్లెయిమ్ నంబరు, బండికో ఫొటోల కట్ట. పెద్దావిడ పేరు మీది కారుకు పెద్దావిడే సంతకం పెట్టాలి.

నూరేళ్ల కిందట ఈ డెల్టా బీమాను ఇంత దూరంగా చూడలేదు. భోగరాజు పట్టాభిసీతారామయ్య బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ గానీ ఉండి ఉంటే కనీసం ఏజెంటుకు చుట్టరికమైనా ఉండేది.

అయితే ఒకే యజమానికి ఎన్ని బండ్లున్నా ఒక్కటే చాలనే బీమా నిజంగానే ఉంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు. యజమాని తానే నడుపుతూ ప్రమాదానికి గురైతే 15 లక్షలు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా అది. 2018లో మొత్తాన్ని అంతకు పెంచి ఏడాదికి 750 రూపాయలు పెట్టారు. బండి బండికీ కట్టించుకుంటుంటే గోల రేగి, 2019 జనవరి 1 నుంచి దాన్ని విడదీశారు. ఒక పాలసీలో ఉంటే మిగతా బండ్లకు అక్కర్లేదు. రెన్యువల్ చేసేటప్పుడు ‘ఇప్పటికే ఉంది’ అని చెప్పాలి, అంతే. యజమానికి డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే ఆ బీమా వర్తించదు కాబట్టి కొననే అక్కర్లేదు. పెద్దావిడకు లైసెన్సు లేదు. ఏజెంటు అడగలేదు, ఇంట్లోవాళ్లు చెప్పలేదు. ఏటా రుసుము కట్టి, రూపాయి కూడా రాని 15 లక్షల డ్రైవింగ్ రక్షణతో ఆవిడ వెనక సీట్లో కూర్చుని దుర్గమ్మ గుడికి వెళ్లొస్తోంది.