అల్లుడి సర్వరు

తెనాలి జంక్షన్‌లో కాపురం ఉంటే సుఖమూ కష్టమూ ఒకటే: రేపల్లె బండి ఇక్కడికే వస్తుంది, బాపట్ల బండి ఇక్కడే ఆగుతుంది. మా ఇంట్లో ఏది చెడినా రేపల్లె నుంచి మామగారు, బాపట్ల హాస్టల్ నుంచి బావమరిది దిగిపోతారు.

ఈసారి చెడింది సర్వరు. సర్వరంటే ఉబుంటు ఎక్కించిన పాత డెస్క్‌టాపే. చుట్టాలందరి పెళ్లి వీడియోలూ అందులోనే ఉంటాయి. నల్ల తెర మీద కమాండ్లు కొట్టే బాధ తప్పుతుందని దానికి వెబ్‌మిన్ పెట్టాను. జేమీ కామెరాన్ 1997లో పెర్ల్‌లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. బ్రౌజర్లో సర్వరు నంబరూ, పక్కన పోర్టు 10000 కొడితే డిస్కులూ యూజర్లూ ఫైర్‌వాలూ అన్నీ ముందుకొచ్చి నిలబడతాయి. మొన్న కరెంటు పోయి వచ్చాక ఆ పేజీ రావడం మానేసింది.

"ఆపి మళ్లీ వెయ్యి బావా" అన్నాడు బావమరిది. ఇంజనీరింగులో మొదటి పాఠం అదే, ఆఖరి పాఠమూ అదే. వేశాం. రాలేదు. చివరికి అటక మీది మానిటరు దింపి, కమాండ్లు వద్దని పెట్టుకున్న వెబ్‌మిన్ కోసం కమాండ్లే కొట్టాల్సొచ్చింది. స్టేటస్ అడిగితే నిక్షేపంగా నడుస్తున్నానంది. 'ఐపీ ఏ' కొడితే గుట్టు బయటపడింది: 192.168.1.5లో ఉండాల్సిన సర్వరు 192.168.1.9కి మకాం మార్చింది. కరెంటు రాగానే నంబర్లు పంచుతూ రూటరు దీని నంబరు మా ఆవిడ ఫోనుకిచ్చేసింది. తిరిగివ్వమని అడిగేదెవరు?

కొత్త నంబరు కొట్టగానే బ్రౌజరు "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని భయపెట్టింది.

"మంచిదేగా బాబూ, గవర్నమెంటుదైతే గట్టిగా ఉంటుంది" అన్నారు, రెవెన్యూలో రిటైరైన మామగారు.

వెబ్‌మిన్ తన సర్టిఫికెట్ మీద తానే సంతకం పెట్టుకుంటుంది, అందుకే బ్రౌజరు నమ్మదని చెప్పాను. గెజిటెడ్ సంతకం లేని కాగితం ఎలా చెల్లుతుందని ఆయన బ్రౌజరు పక్షం చేరిపోయారు.

ఈలోగా బావమరిది పాస్‌వర్డు ఐదుసార్లు తప్పు కొట్టాడు. అలా కొడితే వెబ్‌మిన్ 60 సెకన్లు గడప తొక్కనివ్వదు.

"అరవై సెకన్లేనా! మేమైతే రేపు రమ్మనేవాళ్లం" అన్నారు మామగారు.

లోపలికి వెళ్లాం. ఇక సర్వరుకి పాత నంబరు ఖాయం చెయ్యాలంటే రూటరు పేజీలోకి వెళ్లాలి. దాని పాస్‌వర్డు రూటరు అడుగున స్టిక్కరు మీద, రూటరేమో బీరువా మీద అట్టపెట్టెల వెనక. బావమరిది స్టూలెక్కి చదవడం మొదలుపెట్టాడు. కింద స్టూలు పట్టుకున్న మామగారు కసిరారు:

"మెల్లగా చదవరా! అసలే కనెక్షన్ ప్రైవేటు కాదట!"