ఏ గడిలో రాద్దాం?

మన రాష్ట్రం చేసే ఒక అద్భుతాన్ని ఎవరూ మెచ్చుకోరు. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టిన గొత్తికోయ సరిహద్దు దాటి భద్రాద్రి కొత్తగూడెంలోనో ములుగులోనో కాలు పెట్టగానే గిరిజనుడు కాకుండా పోతాడు. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి మరి!

2005లో బస్తర్‌లో మావోయిస్టుల మీద సల్వాజుడుం పోరు మొదలై ఊళ్లు తగలబడితే ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చినవాళ్లు వీళ్లలో చాలామంది. ఎస్టీ కాకపోతే పోనీ, అడవిలో బతుకుతున్నారుగా, పట్టా ఇవ్వొచ్చుగా అంటారా? అటవీ హక్కుల చట్టం భేషుగ్గా ఇమ్మంది. 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవినే నమ్ముకుని ఉన్నట్టు రుజువు చూపిస్తే చాలు. ఆ ఏడాదే పరుగెత్తుకొచ్చినవాళ్లకు ఇదేమంత పని?

ఈ రెవెన్యూ గోలకీ ఆరోగ్యానికీ ఏం సంబంధమనే పెద్దలూ ఉన్నారు. పట్టా లేని గూడేనికి రోడ్డంటే అటవీశాఖ అడ్డం పడుతుంది. రోడ్డు లేనిచోటికి 108 రాదు. పోడు పోతే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గినావిడకు నర్సమ్మ ఐరన్ మాత్రలిచ్చి, గుడ్లూ ఆకుకూరలూ తినమని శుభ్రమైన తెలుగులో చెబుతుంది. ఆవిడకు వచ్చింది కోయ.

అందుకే దుబాసీగా మరిదిని వెంటబెట్టుకొస్తుంది. నెలసరి సరిగా వస్తోందా అని నర్సమ్మ అడగ్గానే మరిది గోడ మీది పోస్టరు చదవడం మొదలుపెడతాడు. వదిన తల దించుకుంటుంది. “అంతా బాగానే ఉందంట” అంటాడు చివరికి. రిజిస్టరులో ‘సమస్య లేదు’ అని పడుతుంది.

ఇలా ఏ గడిలోనూ పట్టక మధ్యలో జారిపోయేవాళ్ల సంగతి అమెరికాలో న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లోనే రాసింది. జనరల్ మోటార్స్‌ మీద నల్లజాతి ఆడవాళ్లు దావా వేస్తే, కంపెనీలో ఆడవాళ్లున్నారు, నల్లవాళ్లూ ఉన్నారు, ఇక వివక్షెక్కడ అన్నట్టు తేల్చింది కోర్టు. ఆ ఆడవాళ్లు తెల్లవాళ్లు, ఆ నల్లవాళ్లు మగవాళ్లు. అంతే తేడా.

మన శాఖలు ఆ కోర్టుకేం తీసిపోవు. గిరిజనులకు అన్నీ ఇస్తున్నాం, వీళ్లు జాబితాలో లేరంటారు గిరిజన సంక్షేమం వారు. ఆడవాళ్లందరికీ ఇస్తున్నాం, అంగన్‌వాడీ దాకా రావాలి కదా అంటారు స్త్రీశిశు సంక్షేమం వారు. ఆస్పత్రి తలుపులు ఎవరికీ మూయలేదంటారు ఆరోగ్యశాఖ వారు. మూడూ నిజాలే. గర్భిణి దారిలోనే పోయినా ఏ శాఖ ఖాతాలో రాయాలన్న తగువు లేదు. కారణం గడిలో ‘ఆలస్యంగా తీసుకొచ్చారు’ అని రాస్తే సరిపోతుంది.