పాలలెక్కల సూత్రాలకు ‘మీగడ’ వ్యాఖ్య

అవతారిక

మా మేనత్త కొత్తపేట పక్క ఊళ్లో ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక ఆవిడ ఎడమ కంటికి శుక్లం తీశారు. నెల్లాళ్లు చదవొద్దన్నారు. వినొద్దని ఎవరూ అనలేదు కనక మనవణ్ణి మంచం పక్కన కూచోబెట్టి చదివించుకుంది. కన్ను కుదుటపడ్డాక నాకు ఫోను: “ఒరే అబ్బాయ్, మన గోదారి నవలలన్నీ వంటింట్లోంచి వినడమే గానీ కూచుని చదివిందాన్ని కాను. వరసన తెచ్చిపెట్టు.”

నేనుండేది రాజమండ్రిలో. కొన్ని గౌతమీ గ్రంథాలయంలో దొరికాయి. 1898లో నాళం కృష్ణారావు గారు వసురాయ కవి పేరిట పెట్టిన పుస్తకాల గది, తరవాత రత్నకవి గ్రంథాలయంతో కలిసి ఇంతయింది. మిగతావి పాత పుస్తకాల కొట్లలో ఏరాను. నెలకి రెండుసార్లు సంచీ భుజాన వేసుకుని ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా బస్సులో వెళ్లేవాణ్ణి.

ఆర్నెల్లు పోయాక ఓ రోజు, పాలవాడి బాకీ ఎంతో తేల్చమని నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. పాలు అర, పాలు ముప్పావు, దేవుడికి పావు. వాటి మధ్య మధ్య నవలల మీద ఆవిడ అభిప్రాయాలు, ఒక్కోదానికి ఒక్కో పంక్తి. అర మాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత సంబరపడేవారట వ్యాకరణవేత్తలు. ఆ లెక్కన మా అత్తయ్య బహుసంతానవతి.

ఇంత పొదుపైన సూత్రాలకి వ్యాఖ్య లేకపోవడం భాషకి లోపమని తోచి ఈ పనికి పూనుకున్నాను. దీని పేరు ‘మీగడ’. పాలవాడు పొయ్యనిదీ, కదపకుండా ఉంటేగానీ కట్టనిదీ కనక. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య చెప్పాడు. అంత మాట నేనివ్వలేను.

మూలం: “గణపతి. వినడమే. నవ్వితే కన్ను లాగుతోంది.”

వినడమే = కట్టు విప్పకముందు అని అర్థం. గణపతి నవల రాసిన చిలకమర్తి వారికి చిన్నప్పటినుంచీ రేచీకటి. తరవాత చూపు పూర్తిగా పోయాక చెప్పి రాయించేవారు. నోటితో చెప్పే ఆయన పుస్తకం చెవితో చదవడంలో అత్తయ్యకి ఏ లోటూ కనిపించలేదు. లాగుతోంది = హాస్యరసానికి ఇంతకంటె శాస్త్రీయమైన కొలత నాకు కనపళ్లేదు. కుట్టు తెగకుండా నవ్వించేది మందహాసం, తెగేలా నవ్వించేది అట్టహాసం అని లక్షణం చెప్పుకోవచ్చు.

మర్నాటి పాలలెక్క కింద ఇంకో సూత్రం ఉంది: “వాళ్ళమ్మ.” అంతే. క్రియ లేదు. ఆకతాయి కొడుకు చేసే పనులన్నిటికీ మనం నవ్వుకుంటున్నంతసేపూ వాణ్ణి పెంచుతున్న మనిషి ఒకామె ఉందని జ్ఞాపకం వచ్చినట్టుంది. ఇక్కడ వ్యాఖ్యాతకి పని లేదు.

మూలం: “రాజశేఖరం. బైరాగి గడపెక్కినప్పుడే చెప్పాను. వినలేదు.”

ప్రతిపదార్థం. రాజశేఖరం = కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రములో ధవళేశ్వరపు గృహస్థు; బైరాగి = బంగారం చేసిపెడతానని వచ్చి ఉన్న బంగారం పట్టుకుపోయిన స్వామి; గడపెక్కినప్పుడే = ఇంకా ఏమీ జరగకముందే; చెప్పాను = అత్తయ్య, పడక్కుర్చీలోంచి, వీధిలోకి వినపడేలా; వినలేదు = కర్త రాజశేఖరుడు.

పూర్వపక్షం: 1878లో వివేకవర్ధనిలో వచ్చి, 1880లో పుస్తకమైన కథలోని మనిషి ఇప్పుడు చెబితే వింటాడా? సమాధానం: ధవళేశ్వరం ఎంత దూరమని? పైగా కిందటేడు ఈ వీధిలోనే ఒకాయన చిట్టీల కంపెనీలో పొలం డబ్బు పెడుతుంటే అత్తయ్య అరుగు మీంచి చెప్పింది. ఆయనా వినలేదు. వినకపోవడంలో నూట నలభై ఏళ్ల తేడా ఏమీ లేదని సిద్ధాంతం.

పండితులు ఈ నవలని గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ పక్కన పెట్టి ఎంత తెచ్చుకున్నదో ఎంత సొంతమో తూకం వేస్తారు. ఇది 1887లోనే ఇంగ్లీషులోకి వెళ్లిందని గర్వంగా చెప్పుకుంటారు. నేనూ ఈ రెండు ముక్కలూ అత్తయ్యకి చెప్పాను. “అయితే దొరలింట్లోనూ చుట్టాలు ఇలాగే ఉంటారన్నమాట” అంది. ఆవిడ దృష్టిలో అది సంస్కరణ నవల కాదు, చుట్టాల నవల. ఉన్నన్నాళ్లూ చావడి నిండా మనుషులు. చేతిలో రూపాయి ఆడకపోయేసరికి ఎవరిళ్లకి వాళ్లు. అట్ట లోపల పెన్సిలుతో ఒక ప్రక్షిప్తం కనిపించింది: “మాణిక్యాంబ ఎన్ని విస్తళ్లు ఎత్తిందో రాయలేదు.” మాణిక్యాంబ రాజశేఖరుడి భార్య. వీరేశలింగం గారు స్త్రీల కోసం ఎంత చేశారో అత్తయ్యకి తెలుసు, ఆయనంటే గౌరవమూ ఉంది. అయినా విస్తళ్లు విస్తళ్లే. గ్రంథాలయం పుస్తకం కనక ఆ పెన్సిలు గీతని నేనే రబ్బరుతో చెరిపాను. మూలాన్ని పాడుచేసిన వ్యాఖ్యాతల్లో నేను మొదటివాణ్ణి కాను.

మూలం: “బారిస్టరు. టోపీ దగ్గర ఆగాను. డల్లాస్.”

అన్వయం కష్టంగా తోస్తుంది గానీ లేదు. మొక్కపాటి వారి పార్వతీశం మొగల్తూరు నుంచి సీమకి బయల్దేరి, తెలియక ఆడవాళ్ల టోపీ కొని పెట్టుకుంటాడు. చూసినవాళ్లంతా నవ్వుతారు. అమెరికా అంటే చలి అని ఎవరో చెప్పగా మా అత్తయ్య కూతురి పురిటికి జూన్ నెలలో మంకీ క్యాపు పెట్టుకుని డల్లాసులో దిగింది. తాత్పర్యం: పశ్చిమగోదావరిని చూసి తూర్పుగోదావరి నవ్వకూడదు.

మూలం: “చివరకు మిగిలింది.”

ఇది లేఖకదోషమనీ, ‘మిగిలేది’ అని సవరించుకోవాలనీ మొదట అనుకున్నాను. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు నవల పేరు చివరకు మిగిలేది అని లోకానికంతటికీ తెలుసు. పుస్తకం తెరిచి చూస్తే చివరి ముప్పై ఎనిమిది పేజీల ముందు జనపనార తాడు గుర్తుంది. పాఠం సరైనదే. ఎందుకాపావంటే, “ఆ దయానిధి మంచాన్న పడ్డ పిల్లాళ్లా ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని లేచొచ్చేశా” అంది. నాకు ఈ నవల ప్రాణం. వ్యాఖ్యాత మూలకర్తతో తగువు పెట్టుకోకూడదు గనక ఇంతటితో ఊరుకుంటున్నాను. కాని ఆ ముప్పై ఎనిమిది పేజీలూ చదివి తీరాల్సినవి.

మూలం: “కొల్లాయి. పుట్టింటి దారి.”

మహీధర రామమోహనరావు గారి కొల్లాయిగట్టితేనేమి గురించి. గాంధీ పిలుపు విని చదువు మానేసి వచ్చిన రామనాథం, అతని చుట్టూ అగ్రహారంలో రేగిన గగ్గోలు. ఊరు ముంగండ, రచయిత 1909లో పుట్టిందీ అక్కడే. అత్తయ్య పుట్టిల్లు ఆ పక్క ఊరే. కనక ఆవిడ దీన్ని నవలగా చదవలేదు, నడిచింది. ఏ గట్టు మీంచి వెళ్లాడు, కాలవ ఎక్కడ దాటాడు అని వేలు పెట్టి చూసుకుంటూ ఇరవై రోజులు. రాజకీయ చర్చలున్నచోట ఆగిందా అనడిగితే, “మా నాన్నగారూ అంతసేపూ మాట్లాడేవారు. ఆ మాటలప్పుడు మేం చింతపండు పిక్కలు తీసుకునేవాళ్లం” అంది. ఆ పేజీలకి పులుపు వాసన ఉందని నేను ప్రమాణం చేయగలను.

ముంగండ మాట వచ్చింది కనక ఒక విశేషం. జగన్నాథ పండితరాయలదీ ఆ ఊరే అంటారు. రసగంగాధరంలో ఉదాహరణలకి పరాయివాడి పద్యం ముట్టకుండా అన్నీ తనవే రాసుకున్న అభిమాని. ఆ నేల గుణమేమో, అత్తయ్య కూడా ఇంకొకరి అభిప్రాయం తీసుకోదు. పుస్తకం రాగానే ముందుమాట పేజీలన్నీ కలిపి బట్టల క్లిప్పు పెట్టేస్తుంది. కథ అయ్యాక క్లిప్పు తీసి, ముందుమాట రాసినవాడు ఎక్కడెక్కడ పొరబడ్డాడో చూసుకుంటుంది.

మూలం: “వేయిపడగలు. 41 రోజులు. మధ్యలో ఆవకాయ.”

విశ్వనాథ వారు కృష్ణా జిల్లా. గోదావరి నవలల్లో ఆయన్నెందుకు కలిపావని అడిగాను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో బహుమతి వేయిపడగలుకీ, మన భీమవరం బాపిరాజు గారి నారాయణరావుకీ చెరిసగం చేశారు. “ఎవడితో పంచుకున్నాడో చూడొద్దుట్రా?” అంది. ఆస్తి పంపకాలు చూసిన మనిషి.

41 రోజులు = విశ్వనాథ వారు ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నాడనీ, నెల తిరక్కుండా అంతా అయిందనీ ప్రసిద్ధి. చెప్పడానికి పట్టినదానికన్నా చదవడానికి ఎక్కువ పట్టింది. మధ్యలో = ఇది అసలు కీలకం. మధ్యలో అనగా పుస్తకం మధ్యనా, రోజుల మధ్యనా? పుటలు పరిశీలించగా ధర్మారావు దీర్ఘోపన్యాసాల దగ్గర ఓ నూనె వేలిముద్ర, రెండు ఆవపిండి రేణువులు దొరికాయి. రెండు మధ్యలూ ఒకటేనని తేలింది. ఈ పుస్తకం నా సొంతం కనక చెరపలేదు.

ఇది మెచ్చుకోలా, దెప్పా? ముక్కలు కోసి, తుడిచి, ఆరబెట్టి, పిండి కలిపి, జాడీకెత్తి, మూడో రోజు తిరగగలిపి, మళ్లీ వచ్చి అదే పేజీ తీసింది. అర్ధంతరంగా వదిలిన నవలని ఆవిడ ఏం చేస్తుందో ఇందాక చూశాం. కనక స్తుతే.

ఇక వరస తప్పించి చివరికి ఉంచిన సూత్రం. నన్ను మూడు వారాలు నిద్రపోనివ్వనిది.

మూలం: “మంచివాడే. నీళ్లెక్కువ.”

కర్తృపదం లేదు. పైపంక్తి “పాలు అర”. కిందిపంక్తి “వేయిపడగలు మొదలు”. అధ్యాహారం దేన్ని చేసుకోవాలి?

క్షీరపక్షం వారు ఇది పాలవాడి గురించేనంటారు. పచ్చిగడ్డి మేసి గేదెలు పల్చగా ఇస్తున్నాయని అతను చెబుతున్న మాట నిజమే.

నవలాపక్షం వారిది బలమైన వాదన. ఆ తేదీకి ఆవిడ చేతిలో ఉన్నది నారాయణరావు. కథానాయకుడు సాక్షాత్తూ కొత్తపేటవాడు, అంటే ఇంటివాడు. రైల్లో చూసీ చూడగానే జమీందారు అల్లుణ్ణి చేసుకోవాలనుకున్నంత అందగాడు. చదువు, సంగీతం, దేశభక్తి, అన్నీ ఉన్నాయి. తప్పు ఒక్కటీ లేదు. మంచివాడే అన్నప్పుడు ఆ ఏకారంలో ఎంత బరువుందో కోనసీమలో సంబంధాలు మాట్లాడినవాళ్లకి తెలుస్తుంది. నీళ్లు = కన్నీళ్లు అని కొందరు; బాపిరాజు గారు చిత్రకారుడు కూడా కనక వాక్యాలకి నీటిరంగులు వేశారని కొందరు. నీళ్లు = గోదావరి, అది ఎక్కువైతే వరద అని మూడో పక్షం ఉందిగాని, అది వ్యాఖ్యాతలు పొద్దుపోక చెప్పేది.

తేల్చుకోలేక వెళ్లి అడిగాను. “అత్తయ్యా, ఇది పాలవాడా, బాపిరాజు గారా?”

“ముందు కాఫీ తాగు, చల్లారిపోతుంది.”

తాగాను. చిక్కగా ఉంది. పాలు చిక్కనివైతే నీళ్లు నవలలోవే కావాలి గదా అని, అనుమాన ప్రమాణం దొరికిన సంతోషంతో కలం తీశాను.

“అరగంట మరగబెట్టానులే” అంది వంటింట్లోంచి.

ఇది గౌతమీవసిష్ఠామధ్యదేశసంచార, చిక్కనికాఫీరసాస్వాదలోల, గ్రంథాలయగడువుభయకంపితుండును మేనత్తపక్షపాతియునగు వ్యాఖ్యాతచేత రచియింపబడిన మీగడ యను పాలలెక్కలసూత్రవ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము. పాలబాకీ 118 రూపాయలు.